బియ్యం బస్తా ఎన్నాళ్లొస్తోంది? క్యాలరీలు మించకుండా బలమైన తిండి తినడం ఎలా

మా ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఇరవై రోజులకే ఖాళీ అయ్యేది. ఉండేది నలుగురం. పొలం పనులకీ బరువులు మోసే పనులకీ వెళ్లేవాళ్లం ఎవరమూ లేం. ఒకరోజు ఖాళీ బస్తా మడతపెడుతూ ఊరికే మనసులో లెక్కేశాను. 25 వేల గ్రాములు, నలుగురు మనుషులు, ఇరవై రోజులు. తలా రోజుకు 312 గ్రాముల బియ్యం. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 క్యాలరీలుంటాయి. అంటే ఒక్క అన్నం నుంచే మనిషికి 1,100 దాకా లోపలికి పోతున్నాయి. టిఫిను, నూనె, టీ, బిస్కెట్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆ నెలలోనే చేయించుకున్న రక్తపరీక్షలో నాకు హిమోగ్లోబిన్ తక్కువని తేలింది. అదేం విచిత్రమో! నడుము చుట్టూ పెరుగుతోంది, ఒంట్లో రక్తం మాత్రం లేదు. తర్వాత అర్థమైంది, అది విచిత్రం కాదని. తిండి చాలక కాదు, తినేదాంట్లో సరుకు లేక. మన ఇళ్లలో క్యాలరీలు ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల నుంచి: బియ్యం బస్తా, నూనె ప్యాకెట్. బలం వచ్చేది పప్పుల డబ్బాలు, ఆకుకూరల కట్టలు, పాలు, గుడ్లు, పల్లీల నుంచి. మొదటి రెండూ కాస్త తగ్గి, ఆ ఖాళీలోకి రెండోవి వస్తే చాలు. కంచం కంచానికీ కాటా పెట్టి తూచుకునే పని లేదు. నెల సరుకుల చీటీ దగ్గర కూర్చుంటే సగం పని అయిపోతుంది.

మొదలుపెట్టేముందు ఒక మాట. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అన్నం, పప్పు మార్చొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు క్యాలరీలు తగ్గించుకోవాల్సిన వాళ్లు కాదు. వాళ్లకు తగ్గింపు సంగతి వదిలేసి, చేర్చే సంగతులు మాత్రం చూడండి.

ముందు, మీకెంత కావాలో చూసుకోండి

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్ఐఎన్ అంటారు. 1918లో తమిళనాడు కూనూర్‌లో ఒక్క గదిలో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మొదలైంది దేనికోసమో తెలుసా? బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తిండిగా బతికేవాళ్లకు బి1 విటమిన్ అందక వచ్చే జబ్బు అది. అన్నం మీదే ఆధారపడితే ఏమవుతుందో తేల్చడానికి పుట్టిన సంస్థ చివరికి అన్నం ప్రియుల నడుమకే వచ్చి చేరిందన్నమాట.

ఎన్ఐఎన్ 2020 లెక్కల ప్రకారం, ఎక్కువగా కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాళ్లకు రోజుకు 2,110 క్యాలరీలు చాలు. 55 కిలోల ఆడవాళ్లకు 1,660. రోజంతా ఒక మోస్తరు శ్రమ ఉంటే ఇవే 2,710, 2,130 అవుతాయి. వ్యవసాయ కూలీల్లాంటి వాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. 'నేను 85 కిలోలున్నాను, కాబట్టి ఆ మేరకు ఎక్కువ తినొచ్చు' అని గుణించుకోకండి. అది ఉండాల్సిన బరువుకు చెప్పిన లెక్క.

ఇంకో సులువైన కొలత మీ ఒళ్లే చెబుతుంది. మూడు నెలలుగా బరువు అటూ ఇటూ కాకుండా నిలకడగా ఉందంటే, మీరు తింటున్నది మీ ఖర్చుకు సరిపోతోందని అర్థం. ఆ బరువు మీ ఎత్తుకు తగ్గదే అయితే క్యాలరీల జోలికి వెళ్లొద్దు, లోపలి సరుకు మార్చండి చాలు. తగ్గాల్సి ఉంటే రోజుకు మూడొందలు, మహా అయితే నాలుగొందలు తగ్గించండి. నెలలో పది కిలోలు తగ్గాలని పస్తులుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. నడుము కూడా టేపుతో కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు. ప్యాంటు సైజు చెప్పే నడుము కాదు, బొడ్డు దగ్గర కొలిచింది.

సరుకుల చీటీ ముందేసుకోండి

కిందటి నెల కిరాణా బిల్లు ఉంటే తీయండి. లేకపోతే డబ్బాల ముందు నిలబడి గుర్తు తెచ్చుకోండి. ఎన్ఐఎన్ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో 2,000 క్యాలరీల రోజుకు ఒక పళ్లెం గీసి చూపించింది. ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, గింజలు 35, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. దీన్ని నేను నెలకు మార్చుకున్నాను, ఎందుకంటే సరుకులు కొనేది నెలకోసారి కదా.

ఒక్క మనిషికి ముప్ఫై రోజులకు ఇలా వస్తుంది:

బియ్యం, రవ్వలు, గోధుమపిండి, చిరుధాన్యాలు అన్నీ కలిపి 7.5 కిలోలు
కందిపప్పు, పెసలు, మినుములు, శనగలు అన్నీ కలిపి రెండున్నర కిలోలు
నూనె 800 గ్రాముల చిల్లర, అందులోనే నెయ్యి
పల్లీలు, నువ్వులు, బాదం లాంటివి కిలో
పాలు 9 లీటర్లు
కూరగాయలు 12 కిలోలు, బంగాళాదుంప కాకుండా
పండ్లు 3 కిలోలు

మీ ఇంట్లో మనుషుల సంఖ్యతో గుణించి, బిల్లు పక్కన పెట్టి చూడండి. చిన్న పిల్లలుంటే సగం మనిషిగా వేసుకోండి, లెక్క మరీ గట్టిగా ఉండక్కర్లేదు. మా ఇంటి చీటీలో నూనె లీటరు ప్యాకెట్లు ఆరున్నాయి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. నలుగురికి పంచితే తలా రోజుకు 45 గ్రాములు, అంటే నాలుగొందల క్యాలరీలు! ఉండాల్సింది మూడున్నర ప్యాకెట్లు. (ఈ మధ్య లీటరు ప్యాకెట్‌లా కనిపించేవాటిలో కొన్నింటిలో లీటరు ఉండటం లేదు. ప్యాకెట్ మీద గ్రాములు చూసి లెక్కేయండి.) పప్పులేమో మినపగుళ్లతో కలిపి నాలుగున్నర కిలోలు, పది కిలోలు ఉండాల్సిన చోట. కూరగాయల సంగతి చెప్పుకుంటే సిగ్గు. వారానికి ఆరు కిలోలు కొంటే అందులో రెండు కిలోలు బంగాళాదుంపలే.

మీ చీటీ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుందని నా అనుమానం.

నూనెతో మొదలెట్టండి, అన్నంతో కాదు

అందరూ ముందు అన్నం మానేస్తారు. మూడో రోజు రాత్రి పదింటికి ఆకలేసి మిక్చర్ డబ్బా తీస్తారు. నూనె తగ్గిస్తే ఆకలి పెరగదు, అందుకే అక్కడ మొదలెట్టాలి. గ్రాము పిండిపదార్థంలో 4 క్యాలరీలుంటే గ్రాము నూనెలో 9. ఒక చిన్న చెంచా అంటే 5 గ్రాములు, 45 క్యాలరీలు. సీసా వంచి 'కొంచెం' పోస్తే నాలుగైదు చెంచాలు పడటం పెద్ద విషయం కాదు. నమ్మకపోతే ఒకరోజు మీరెప్పుడూ పోసేంత ముందు గిన్నెలో పోసి, చెంచాతో తోడి లెక్కపెట్టండి. నాకు అరకిలో దొండకాయ వేపుడుకు తొమ్మిది చెంచాలు వచ్చాయి.

ఇప్పుడు అదే దొండకాయ మూడు చెంచాలతో చేద్దాం. కాయలు సన్నగా చక్రాల్లా తరగండి. మూకుడు వేడెక్కాక నూనె వేసి, ఆవాలు చిటపటలాడాక మినపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, ముక్కలు వేసి ఉప్పు చల్లి కలపండి. మంట తగ్గించి, మూకుడు మీద అంచున్న పళ్లెం మూత పెట్టి, ఆ పళ్లెంలో అర గ్లాసు నీళ్లు పోయండి. మన అమ్మమ్మల పద్ధతే ఇది. పైన నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి లోపలి ఆవిరి పళ్లేనికి తగిలి చుక్కలై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. అడుగంటదు, అదనంగా నూనె అడగదు. పది నిమిషాల్లో ముక్క మెత్తబడుతుంది. అప్పుడు మూత తీసి, మంట పెంచి, ఐదారు నిమిషాలు వేయిస్తే అంచులు ఎర్రబడతాయి. దించేముందు రెండు చెంచాల పల్లీల కారం గానీ నువ్వులపొడి గానీ చల్లండి. వేపుడు కరకరలాడుతూ రావాలనే పట్టుదల మాత్రం వదులుకోవాలి. మా ఇంట్లో మొదటివారం 'ఇది వేపుడా, కూరా?' అన్నారు. రెండోవారం ఎవరూ ఏమీ అనలేదు.

దోసెల పెనానికి ఉల్లిపాయ సగం కోసి, నూనెలో అద్ది రుద్దితే సరిపోతుంది. ఆవకాయ తీసేటప్పుడు ముక్కను జాడీ అంచుకు ఆనించి నూనె వదిలించి వేసుకోండి. ముద్దపప్పులోకి నెయ్యి వద్దని చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఒక చెంచా వేసుకోండి, దాన్ని ఆ రోజు నూనె లెక్కలోంచి తీసేయండి. పూరీలు, బజ్జీలు, గారెలు ఆదివారానికో పండక్కో ఉంచుకోండి. కాచిన నూనె మళ్లీ మళ్లీ వాడొద్దు.

చక్కెర సంగతి రెండు ముక్కల్లో: రోజుకు 25 గ్రాములు దాటొద్దు, అంటే ఐదు చిన్న చెంచాలు. రోజుకు మూడు టీలు, టీకి రెండు చెంచాలు వేసుకునేవాళ్లు అక్కడికే దాటేశారు. బెల్లం వేసుకున్నా క్యాలరీల్లో పెద్ద తేడా లేదు.

అన్నం: నాలుగుసార్లు కలిపే అలవాటు

మన భోజనంలోనే ఒక చిక్కుంది. చపాతీ తినేవాళ్లకు కూర అయిపోతే భోజనం అయిపోయినట్టు. మనకు అలా కాదు. పప్పులో ఒకసారి, కూరలో ఒకసారి, చారులో ఒకసారి, పెరుగులో ఒకసారి అన్నం కలుపుకోవాలి. వంటకం మారిన ప్రతిసారీ మారు అన్నం. చివర్లో పెరుగు మిగిలిందని కాస్త అన్నం, అన్నం మిగిలిందని కాస్త పెరుగు. అందుకే ఎంత తిన్నామో మనకే తెలియదు.

వరస మార్చక్కర్లేదు. అన్నం ఒక్కసారే పెట్టుకోండి, మొత్తం భోజనానికి సరిపడా. దాన్ని కంచంలోనే మూడు భాగాలు చేయండి: పప్పుకొకటి, కూరకొకటి, పెరుగుకొకటి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. అన్నం గిన్నె వంటింట్లోనే ఉండాలి, పప్పు గిన్నె, కూర గిన్నె మీ పక్కన ఉండాలి. మారు కావాలంటే పప్పు, కూర వడ్డించుకోండి.

ఎంత పెట్టుకోవాలంటే, రైస్ కుక్కర్‌తోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు వస్తుంది. చాలామంది దాన్ని పారేసి గ్లాసుతో కొలుస్తారు. ఆ కప్పు నిండా పోస్తే దాదాపు 150 గ్రాముల బియ్యం, 530 క్యాలరీలు. కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు పూటకు అందులో సగం, మగవాళ్లకు ముప్పాతిక చాలు. బియ్యం తూచింది వండితే దాదాపు మూడింతలు బరువవుతుంది. 80 గ్రాముల బియ్యం అంటే కంచంలో పెద్ద గరిటెతో రెండు గరిటెలు పైచిలుకు అన్నం, మరీ అన్యాయమేం కాదు.

ఏ బియ్యం అన్నది తర్వాతి సంగతి. తెలంగాణ సోనాని చాలాచోట్ల 'షుగర్ బియ్యం' అని అమ్ముతారు. రాజేంద్రనగర్‌లో తయారైన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం అది. మామూలు సన్నబియ్యంతో పోలిస్తే రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుందంటారు. మంచిదే. కానీ దాంట్లోనూ వందకు మూడొందల యాభై క్యాలరీలే! పేరు చూసి రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే ప్రయోజనం లేదు. దంపుడు బియ్యం, తక్కువ పాలిష్ పట్టినవి అయితే బి విటమిన్లు, పీచు కాస్త మిగులుతాయి. ఏదైనా మూడు నాలుగుసార్లు పిసికి పిసికి కడగొద్దు, గంజి వార్చి పారబోయొద్దు. ఆ విటమిన్లు నీళ్లలోనే పోతాయి.

చిరుధాన్యాల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. కొర్రలు తెచ్చి, 'ఇది ఆరోగ్యం కదా' అని రెండు నెలలు కడుపునిండా తిన్నాను. బరువు కిలో పెరిగింది. కొర్ర, జొన్న, సజ్జ క్యాలరీల్లో బియ్యానికి తోడబుట్టినవే. తేడా పీచులో, ఖనిజాల్లో ఉంది. ముఖ్యంగా రాగులు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. మనకు రోజుకు కావాల్సింది వెయ్యి. యాభై గ్రాముల రాగిపిండి జావ కాచుకుంటే, అందులో మజ్జిగ కలుపుకుంటే, 200 పైచిలుకు అక్కడే వచ్చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 నుంచి పిల్లలకు రాగిజావ పోయడం ఊరికే కాదు. అయితే అన్నానికి బదులుగా తినాలి, అన్నం తిన్నాక పైన కాదు.

ఖాళీ అయిన చోట ఏం పెట్టాలి

ఇక్కడ పిసినారితనం వద్దు.

పప్పు మొదట. హోటల్ పప్పు, హాస్టల్ పప్పు తిని తిని మనకు పప్పంటే పసుపు నీళ్లన్న అలవాటైంది. మనిషికి పూటకు 35 గ్రాముల పప్పు పడాలి, అంటే నలుగురికి కుక్కర్ కప్పు నిండా. గరిట జారుగా కాకుండా ముద్దగా ఉండాలి. కందిపప్పు ధర భయపెడితే పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు ఉన్నాయి. వీటన్నింట్లోనూ వందకు 20 గ్రాములు అటూ ఇటూగా ప్రొటీన్ ఉంటుంది. 55 కిలోల మనిషికి రోజుకు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి, 65 కిలోల మనిషికి 54. అన్నం పప్పు కలిపి తినడంలో ఇంకో లాభముంది: ప్రొటీన్ తయారయ్యే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో కొరతపడే లైసిన్‌ని పప్పు ఇస్తుంది, పప్పులో కొరతపడే మిథియోనిన్‌ని బియ్యం ఇస్తుంది. పప్పన్నం కనిపెట్టినవాళ్లు ఈ పేర్లు ఎరగరు.

తర్వాత ఆకుకూరలు. తక్కువ క్యాలరీల్లో ఎక్కువ బలమంటే వీటి తర్వాతే ఏదైనా. వంద గ్రాముల తోటకూరలో క్యాలరీలు ముప్ఫై చిల్లర, అందులో ఐరన్, కాల్షియం, ఫోలిక్ యాసిడ్, కంటికి కావాల్సిన కెరోటిన్. ఫోలిక్ అన్న మాటే లాటిన్‌లో ఆకు అనే పదం నుంచి వచ్చింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది పేగులకు పట్టనివ్వని స్ప్రూ జబ్బు ఆయన ఇంట్లోవాళ్లనే తీసుకుపోయింది. దానికి మందు వెతికిన మనిషి ఆకులోని పదార్థం దగ్గరికే వచ్చి చేరాడు.

ఆకుకూర అంటే చాలామందికి తినడం కష్టం కాదు, బాగుచేయడం కష్టం. ఇలా చేయండి. రాత్రి టీవీ ముందు కూర్చుని కట్ట విప్పి, వేళ్లు తుంచి, పుచ్చు ఆకులు తీసి, కడక్కుండానే పలచటి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఆకులు ముంచి, చేత్తో రెండుసార్లు తిప్పి, రెండు నిమిషాలు వదిలేయండి. ఇసక అడుక్కి దిగుతుంది. అప్పుడు ఆకుల్ని పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు పారబోశారంటే ఆ ఇసకంతా మళ్లీ ఆకుల మీదకే వస్తుంది, పంటికింద కరకరలాడేది అందుకే. ఇలా మూడుసార్లు. కడిగాకే తరగండి. తరిగి కడిగితే సగం సారం తూములో పోతుంది. తోటకూర కాడలు లేతగా ఉంటే పారేయకండి, పప్పులో బాగుంటాయి.

పప్పు కుక్కర్‌లోనే ఆకు వేసేయొచ్చు, ఆ నీళ్లు అందులోనే ఉంటాయి కాబట్టి. దించాక, వేడి తగ్గాక నిమ్మకాయ పిండండి. చింతపండు కంటే నిమ్మ మేలు, ఎందుకంటే ఆకుల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి. నిమ్మ లేకపోతే భోజనంలో ఒక జామకాయ ముక్కో, ఉసిరిపచ్చడో. ఎన్ఐఎన్ లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మగవాళ్లకు 19. అంత కష్టపడి తిన్నాక వెంటనే టీ తాగితే, టీలోని పదార్థాలు ఐరన్‌ని పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట వదలండి. నాకు తిండి మార్చడం కంటే ఈ గంట ఆగడమే కష్టమైంది.

కాల్షియం కోసమైతే ఒక్క పాలకూరనే నమ్ముకోవద్దు, అందులోని ఆక్జలేట్లనే పదార్థాల వల్ల కాల్షియం సరిగా పట్టదు. ములగాకు మేలు. చాలా వీధుల్లో ములగచెట్టు ఉంటుంది, కాయ కోసుకుంటారు గానీ ఆకు వదిలేస్తారు. ఆకు ఎండబెట్టి, నువ్వులు, మినపప్పు, ఎండుమిర్చి, చింతపండుతో పొడి కొట్టుకుంటే నెల వస్తుంది.

పల్లీలు, నువ్వులు, కొబ్బరి, జీడిపప్పు, నెయ్యి... వీటి దగ్గర ఒక మెలిక ఉంది. బలమూ ఎక్కువే, క్యాలరీలూ ఎక్కువే. పిడికెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 160 క్యాలరీల పైమాటే, 7 గ్రాముల ప్రొటీన్. బాగుంది. కానీ సినిమా చూస్తూ డబ్బా ఒళ్లో పెట్టుకుంటే ఆరు పిడికిళ్లు కనిపించకుండా పోతాయి. డబ్బాలోంచి తినకండి, చిన్న గిన్నెలో వేసుకుని డబ్బా మూసేయండి. ఇడ్లీలోకి పల్లీల చట్నీ చేసిన రోజు సాయంత్రం పల్లీలు వద్దు.

గుడ్డు తినేవాళ్ల పని సులువు. ఒక్కదానిలో 70 చిల్లర క్యాలరీలు, 6 గ్రాముల ప్రొటీన్, పచ్చసొనలో ఆకుల్లో దొరకని బి12. పచ్చసొన తీసి పారేస్తే అసలు సరుకు పోయినట్టే. చేపలు పులుసు పెట్టుకోండి, వేపుడు కాదు. ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్లలాంటి చిన్న చేపల్లో కాల్షియం బాగా ఉంటుంది. చికెన్ కూరలో ముక్కలు తినండి, పైన తేలే ఎర్ర నూనె గరిటెతో పక్కకి తోయండి. అసలు మాంసాహారం ముట్టనివాళ్లు పాలు, పెరుగు తగ్గించొద్దు, బి12 వాళ్లకు అక్కడే దొరుకుతుంది. చాలకపోతే పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు వేసుకోవాలి.

ఒక రోజు లెక్క కట్టి చూద్దాం

కూర్చుని పనిచేసే 55 కిలోల ఆవిడ అనుకోండి. నేనే అనుకోండి, ఇప్పటికి ఇంకా నాలుగు కిలోలు ఎక్కువున్నా.

పొద్దున టోన్డ్ పాలతో టీ, ఒక చెంచా చక్కెర: 80 క్యాలరీలు. టిఫిన్‌కి 50 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బిన పెసరట్లు రెండు, చెంచా నూనె, అల్లం పచ్చడి: 235. పదకొండింటికి జామకాయ: 50. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం అన్నం, 35 గ్రాముల కందిపప్పుతో తోటకూర పప్పు, బీరకాయ కూర, రెండిట్లోకీ కలిపి రెండు చెంచాల నూనె, ఉడికించిన గుడ్డు, చిన్న గిన్నెడు పెరుగు: 695. సాయంత్రం పిడికెడు లోపు ఉడికించిన పల్లీలు, చక్కెర లేని టీ: 200. రాత్రి 80 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు రెండు, చెంచా నూనెతో గోరుచిక్కుడు కూర, గ్లాసు మజ్జిగ: 385.

మొత్తం 1,645. ప్రొటీన్ 65 గ్రాముల దాకా. పెసరట్టు, పప్పు కలిపితే సరిగ్గా 85 గ్రాముల పప్పుధాన్యాలు, నేను కావాలని సరిపెట్టలేదు, అలా కుదిరింది.

పోలికకి నా పాత మధ్యాహ్నం: కుక్కర్ కప్పు బియ్యం అన్నం, మూడు చెంచాల నూనె పట్టిన బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, చారు, కాస్త పెరుగు. ఒక్క పూటకే 800 దాటేది. ప్రొటీన్ మాత్రం కొత్త భోజనంలో కంటే బాగా తక్కువ. నాలుగింటికల్లా మళ్లీ ఆకలి.

ఇంట్లో అందరికీ ఒకే గరిటె కాదు

మా అత్తగారికి డెబ్బై దాటాయి. పళ్లు లేక, ఆకలి లేక చారన్నం, పెరుగన్నంతో సరిపెట్టుకునేవారు. ఆవిడకు తగ్గించడానికేం లేదు, ఆ నాలుగు ముద్దల్లోనే బలం దూర్చాలి. పెరుగన్నంలో అన్నం మెత్తగా పిసికి పాలు, పెరుగు ఎక్కువ. చారుకు బదులు పల్చటి పెసరకట్టు. గుడ్డు ఉడికించి కాకుండా పొరటు. జావలో పల్లీల పొడి. పెద్దవాళ్ల విషయంలో 'వయసైపోయింది, ఏం తింటారులే' అన్న మాట ఇంట్లో వినపడనివ్వొద్దు.

బక్కగా ఉండి బరువు పెరగాల్సినవాళ్లు పైన చెప్పిన నూనె లెక్కని పక్కనపెట్టి పల్లీలు, నెయ్యి, అరటిపండు, పాలు చేర్చుకోండి. కూల్‌డ్రింకులు, చిప్సులతో వచ్చే బరువు పనికిరాదు.

పెళ్లిళ్లు, పండగలు, బిర్యానీ రోజులు వస్తాయి. ఆ రోజు లెక్కలు కట్టి పక్కనవాళ్ల ఆకలి చెడగొట్టకండి. రాత్రికి మజ్జిగ తాగి పడుకుంటే సరి.

ఎలా సాగుతోందో చూసుకోవడం

ఆదివారం పొద్దున పరగడుపున ఒకసారి బరువు చూసుకోండి, రోజూ వద్దు. ఒంట్లో నీరు, మలబద్ధకం, నెలసరి వల్ల కిలో అటూ ఇటూ అవుతూనే ఉంటుంది, ఊరికే టెన్షన్. నెలరోజుల్లో కిలో, కిలోన్నర తగ్గితే సరిగ్గా వెళ్తున్నట్టే. అసలు కదలకపోతే ముందు నూనె, గింజలు, సాయంత్రం చిరుతిళ్లు చూడండి, అన్నం జోలికి ఆఖరున వెళ్లండి. నీరసంగా ఉండి, తల తిరుగుతుంటే మరీ తగ్గించేశారని అర్థం. హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్లు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి. బాగా తక్కువుంటే తిండి ఒక్కటే చాలదు, డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానొద్దు.

కొత్త బస్తా విప్పిన రోజు దాని మీద స్కెచ్‌పెన్‌తో తేదీ రాయండి. నూనె ప్యాకెట్ కత్తిరించినప్పుడు క్యాలెండర్‌లో ఆ రోజు మీద చిన్న చుక్క పెట్టండి. మా ఇంట్లో ఇప్పటి బస్తా మీద 3వ తేదీ ఉంది. ఇవాళ్టికి ముప్ఫై రెండో రోజు, అడుగున ఇంకా నాలుగు కిలోల దాకా ఉంది.